పాత ప్లాటా, కొత్త ప్రయోగమా: అటవీ పరిశోధనలోకి వస్తున్న ఒక పాఠకురాలికి

ప్రశ్న: వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తి చేశాను. అడవులు, వాతావరణ మార్పు అనే విషయం మీద పీహెచ్‌డీ చేసి, ఆ తరువాత కూడా ఆ పరిశోధనలోనే కొనసాగాలని నా కోరిక. ఇద్దరు ఆచార్యులు నన్ను తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. ఒకరి దగ్గర ముప్పై ఏళ్లుగా ఐదేళ్లకొకసారి చెట్లు కొలుస్తున్న శాశ్వత ప్లాటు, అంటే హద్దులు గుర్తించి ఉంచిన అడవి ముక్క, ఉంది. ఈసారి కొలత నన్ను చేయమంటున్నారు. రెండోవారు అడవి నేలను కృత్రిమంగా వేడిచేసి చూసే కొత్త ప్రయోగం మొదలుపెడుతున్నారు. ‘ఎవరో మొదలుపెట్టిన లెక్కను కొనసాగిస్తే అందులో నీదేముంటుంది?’ అని స్నేహితులు అంటున్నారు. పైగా నాకు గణితం అంతంత మాత్రం. ఉపగ్రహాలు అన్నీ చూస్తున్న కాలంలో టేపు పట్టుకుని అడవిలో తిరగడం అవసరమా అన్న అనుమానం కూడా ఉంది. అన్నిటినీ మించిన సందేహం ఒకటి: నా ఫలితాలు వచ్చేసరికి అడవులే మిగలకపోతే ఈ శ్రమ ఎందుకు? – ఒక పాఠకురాలు

సమాధానం: మీరు అడిగినవి నాలుగైదు ప్రశ్నలైనా వాటన్నిటి కిందా ఉన్న చిక్కు ఒక్కటే. అడవిలో మార్పు దశాబ్దాల మీద బయటపడుతుంది. పీహెచ్‌డీకి ఇచ్చే గడువు నాలుగైదేళ్లు. ఈ పొంతన లేని రెండు కాలాలను ఎలా కలుపుకోవాలన్నదే ఈ రంగంలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక విధంగా తేల్చుకోవలసిన విషయం. నా సలహా ముందే చెబుతాను: పాత ప్లాటు తీసుకోండి. అయితే మీ స్నేహితుల మాటలో కొంత నిజం ఉంది కనుక, ఏ షరతుల మీద తీసుకోవాలో కూడా చెప్పాలి.

మొదట రెండో ఆచార్యుల ప్రయోగం సంగతి చూద్దాం, ఎందుకంటే అటువంటిదే ఒకటి ఇప్పటికే చాలాకాలం నడిచింది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో హార్వర్డ్ ఫారెస్ట్ అనే పరిశోధనా అడవి ఉంది. అక్కడ 1991లో జెర్రీ మెలిల్లో బృందం ఆరు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు గల 18 చిన్న ప్లాట్లు గుర్తించింది. వాటిలో ఆరింట్లో నేలకు 10 సెంటీమీటర్ల లోతున విద్యుత్ తీగలు పాతి, పక్కనున్న నేల కంటే ఎప్పుడూ 5 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడి ఉండేటట్టు ఏర్పాటు చేశారు. మరో ఆరింట్లో అవే తీగలను అదే విధంగా పాతారు గాని, వాటిలోకి విద్యుత్తు పంపలేదు. మిగిలిన ఆరింటిని అసలు తాకలేదు. తీగలు పాతి విద్యుత్తు పంపని ఆ ఆరు ప్లాట్లే ఆ ప్రయోగంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. తీగ పాతాలంటే నేల తవ్వాలి, తవ్వితే వేర్లు తెగుతాయి, తెగిన వేర్లు కుళ్లితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. దానిని వేడి వల్ల వచ్చినదిగా పొరబడకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. ఏ ప్రయోగాన్ని చూసినా దాని ఘనతను చూసే ముందు ఈ రెండో వరుస ప్లాట్లు ఉన్నాయా అని వెతకడం అలవాటు చేసుకోండి.

ఇక ఫలితాలు. మొదటి పదేళ్లు వేడిచేసిన నేలనుంచి కర్బనం పక్క నేల కంటే గణనీయంగా ఎక్కువగా బయటకు పోయింది. తరువాత ఏడేళ్లపాటు ఆ తేడా దాదాపు మాయమైంది. సూక్ష్మజీవులకు సులువుగా అందే ఆహారం అయిపోయిందనీ, నేల కొత్త వేడికి సర్దుకుందనీ అనుకోవడానికి తగిన కాలమే అది. కాని 2008 నుంచి మళ్లీ కర్బనం పోవడం మొదలైంది. అంతవరకు ముట్టని మొండి సేంద్రియ పదార్థాన్ని కూడా విడగొట్టగల సూక్ష్మజీవుల సమాజం ఈలోగా అక్కడ ఏర్పడిందని వారి వివరణ. 2014 తరువాత ఇంకో విరామం వచ్చింది. 26 ఏళ్ల లెక్క 2017లో ప్రచురించేసరికి పై 60 సెంటీమీటర్ల నేలలో నిలువ ఉన్న కర్బనంలో 17 శాతం పోయినట్టు తేలింది.

ఇదే ప్రయోగంలో ఒక విద్యార్థిని 1992లో చేరి, మరొకరు 2002లో చేరి, ఇద్దరూ నాలుగేళ్ల సమాచారంతో సిద్ధాంత వ్యాసాలు రాశారనుకోండి. మొదటి వ్యాసం ‘వేడికి నేల కర్బనాన్ని కోల్పోతుంది’ అంటుంది, రెండోది ‘కోల్పోదు’ అంటుంది. ఇద్దరి కొలతలూ నిజాయితీగలవే, ఇద్దరి గణాంకాలూ సరైనవే, అయినా ఇద్దరికీ అందింది ఒక పొడవాటి కథలోని ఒక పుట మాత్రమే. మీరు కొత్త ప్రయోగంలో చేరితే మీకు దక్కేది మొదటి పుట. అందులో ఒకటిన్నర, రెండేళ్లు పరికరాలు తెప్పించుకోవడానికి, అనుమతులకు, తీగలు పాతడానికి, ఎలుకలు కొరికిన తీగలు మళ్లీ వేయడానికి పోతుంది. ఆ పని తక్కువదని కాదు. ఎవరో ఒకరు మొదటి తీగ పాతకపోతే 26 ఏళ్ల ఫలితం ఉండేదే కాదు. కాని ఆ భారం మోయవలసింది ఉద్యోగం స్థిరపడిన ఆచార్యులు గాని, గడువు తరుముతున్న విద్యార్థిని కాదని నా అభిప్రాయం.

పాత ప్లాటు విషయం ఇందుకు భిన్నం. అక్కడ మీరు చేరిన మొదటి రోజే మీ చేతిలో ముప్పై ఏళ్ల సమాచారం ఉంటుంది. పైగా ఆ సమాచారం పోగుచేసినవారు ఏ ప్రశ్న కోసం చేశారో మీరూ అదే ప్రశ్నకు కట్టుబడి ఉండనక్కరలేదు. ఈ శాస్త్ర చరిత్రలో పెద్ద ఫలితాలు చాలావరకు అలాగే వచ్చాయి. పనామాలోని బారో కొలరాడో దీవిలో 1980ల మొదట్లో స్టీఫెన్ హబ్బెల్, రాబిన్ ఫాస్టర్ 50 హెక్టార్ల ప్లాటు వేసి, ఒక సెంటీమీటరు వ్యాసం దాటిన ప్రతి మొక్కకూ సంఖ్య ఇచ్చి, పటం మీద దాని చోటు గుర్తించారు. ఆ మొక్కలు రెండు లక్షలకు పైనే. ఇన్ని జాతుల చెట్లు ఒకదానినొకటి తొలగించకుండా ఒకే చోట ఎలా బతుకుతున్నాయన్నది వారి ప్రశ్న. కర్బనం వారి తలపులో ముఖ్యమైనది కాదు. ఈనాడు అదే పద్ధతిలో నడిచే ప్లాట్లు ప్రపంచంలో డెబ్బైకి పైగా ఉన్నాయి. అడవి ఎంత కర్బనం పట్టి ఉంచుతోంది, కరువు ఏడాది ఏ చెట్లు చచ్చిపోతున్నాయి అని అడిగేవారందరూ ఆ పట్టికలే తిరగేస్తున్నారు. అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో ఉన్న హబ్బర్డ్ బ్రూక్ అడవిలో 1963 నుంచి వాన నీటిని, వాగు నీటిని పట్టి పరీక్షించడం మొదలుపెట్టింది అడవిలోకి ఏ పోషకాలు వస్తున్నాయి, ఏవి కొట్టుకుపోతున్నాయి అన్న లెక్క కోసం. ఆ సీసాలలోని వాన మామూలు వాన కంటే ఎన్నో రెట్లు ఆమ్లంగా ఉందని జీన్ లైకెన్స్, ఆయన సహచరులు గమనించారు. ఉత్తర అమెరికాలో ఆమ్ల వర్షాల చర్చకు, చివరకు 1990 నాటి వాయు కాలుష్య చట్ట సవరణలకు దారితీసిన ఆధారాలలో అది ముఖ్యమైనది. వాన నీటిని పట్టినవారికి అది తమ చేత జరగబోతోందని మొదట తెలియదు.

కాబట్టి ‘అందులో నీదేముంటుంది’ అన్న మాటకు సమాధానం: ప్రశ్న మీది. ప్రశ్న లేకుండా కొలతకు మాత్రమే ఒప్పుకుంటే మీ స్నేహితులు చెప్పినట్టే అవుతుంది. ఏ ప్రశ్న అని నన్నడిగితే, మరణాల వైపు చూడమంటాను. ఉష్ణమండల అడవిలో పెద్ద చెట్లలో ఏటా నూటికి ఒకటి రెండు చనిపోతాయి. ఒక హెక్టారులో 10 సెంటీమీటర్ల వ్యాసం దాటిన చెట్లు ఐదారు వందలుంటే ఏడాదికి చనిపోయేవి ఐదు నుంచి పన్నెండు. వాటిలో నిజంగా మహావృక్షం అనదగ్గది ఒక్కటైనా ఉండకపోవచ్చు. అడవి కర్బనంలో ఎక్కువ భాగం దాచుకున్నవి మాత్రం ఆ మహావృక్షాలే. అందుకే చెట్లు ఎలా పెరుగుతాయో మనకు తెలిసినంతగా ఎందుకు చస్తాయో తెలియదు. మూడేళ్ల ప్రాజెక్టులో ఈ ప్రశ్నను ముట్టుకోవడానికే వీలుండదు. ముప్పై ఏళ్ల పట్టిక ఉన్నచోట మాత్రం, ఎండిపోయి నిలువునా నిలిచినదా, గాలికి విరిగినదా, వేళ్లతో సహా ఒరిగినదా అని ప్రతి మరణం పక్కనా ఎవరైనా రాసి ఉంచితే, కరువు సంవత్సరాలకూ మామూలు సంవత్సరాలకూ తేడా తీయవచ్చు. చెక్క సాంద్రత తక్కువ ఉన్న జాతులు ముందు పోతున్నాయా, ఎత్తయినవి ముందు పోతున్నాయా అని చూడవచ్చు. 1988లో మొదలైన, తమిళనాడులోని ముదుమలై ప్లాటులో లాగా మంటలూ ఏనుగులూ ఉన్న పొడి అడవి అయితే వాటి వాటా వేరుచేయడమే ఒక పూర్తి వ్యాసానికి సరిపోతుంది.

ఇప్పుడు టేపు సంగతి. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో మాను చుట్టూ టేపు వేసి వ్యాసం చదవడం చూడడానికి ఎవరైనా చేయగల పని. ఏడాదికి రెండు మిల్లీమీటర్లు లావెక్కే చెట్టు ఐదేళ్లలో వ్యాసంలో ఒక సెంటీమీటరు పెరుగుతుంది. చుట్టుకొలతలో అది మూడు సెంటీమీటర్ల చిల్లర. కిందటిసారి రంగు గీత చెరిగిపోయి, ఈసారి టేపు అరచెయ్యి వెడల్పంత కిందకు పడితే, అక్కడ మాను కాస్త వెడల్పుగా ఉంటే, ఐదేళ్ల పెరుగుదల అంతా తప్పుగా రెట్టింపవుతుంది. మానును అల్లుకున్న తీగ మీదుగా టేపు పోయినా, బెరడు ఊడినా, నాచు అడ్డం పడినా ఇదే కథ. మొదలు దగ్గర గోడల్లా విచ్చుకునే వేర్లున్న మహావృక్షాలతో ఇంకా చిక్కు: ఆ వేరుగోడలు ఏడాదికేడాది పైకి పాకుతాయి, కనుక 1.3 మీటర్ల దగ్గర కొలిస్తే మాను కాదు, వేరుగోడ పెరుగుదల నమోదవుతుంది. నిచ్చెన వేసుకుని వాటి పైన కొలవాలి, ఏ ఎత్తున కొలిచారో రాయాలి, గోడ ఆ గీతను చేరుకునే లోపే ఇంకా పైన రెండో గీత పెట్టాలి.

ఇది చాదస్తంగా అనిపిస్తే ఒక వివాదం చెబుతాను. చెదరని అమెజాన్ అడవులు గాలిలోని కర్బనాన్ని నికరంగా పీల్చుకుని లావెక్కుతున్నాయని ఆలివర్ ఫిలిప్స్, ఆయన సహచరులు 1998లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. 2002లో డెబొరా క్లార్క్ ఆ సమాచారాన్ని మళ్లీ పరిశీలించి, పాత ప్లాట్లు కొన్నిటిలో వేరుగోడల చుట్టూ టేపు వేశారనీ, కనబడుతున్న పెరుగుదలలో కొంత ఆ కొలత దోషమే కావచ్చనీ అభ్యంతరం చెప్పారు. ఫిలిప్స్ బృందం అనుమానం ఉన్న చెట్లను ఒక్కొక్కటిగా ఏరి, లెక్క తిరిగి చేసి, తమ నిర్ధారణ నిలుస్తుందని చూపవలసి వచ్చింది. భూమి మీద అతి పెద్ద ఉష్ణమండల అడవి కర్బనాన్ని తీసుకుంటోందా లేదా అన్న వాదం కొంతకాలం టేపు ఏ ఎత్తున పడిందన్న దాని మీద ఆగింది. మీ ప్లాటులో ముప్పై ఏళ్ల క్రితం ఎవరు ఎక్కడ కొలిచారో తెలిపే పుస్తకం ఉందా అన్నది అందువల్ల చాలా పెద్ద ప్రశ్న. ఉంటే ఆ ప్లాటు విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. లేకపోతే మీ మొదటి ఏడాది సగం పాత తప్పులు ఏరడానికే పోతుంది. ఆ పని చేసినందుకు ఎవరూ మెచ్చుకోరు కూడా.

గణితం గురించి మీరు భయపడుతున్నంత భయం అక్కరలేదు. ఈ రంగంలో కాగితం మీద సిద్ధాంతాలు నిరూపించే గణితం కొద్దిమందికే కావాలి; మిగిలినవారికి కావలసింది గణాంకశాస్త్రపు వివేకం, దానికి తోడు ఆర్ (R) వంటి కంప్యూటరు భాషలో స్వయంగా ప్రోగ్రాము రాసుకునే అలవాటు. వివేకం అంటే ఏమిటో ఒక ఉదాహరణ. కాలిన అడవిలో ఒకే చోట వెయ్యి చెట్లు, కాలని అడవిలో ఒకే చోట వెయ్యి చెట్లు కొలిచి పోల్చితే, మీ దగ్గర వెయ్యేసి నమూనాలు ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఉన్నది ఒక కాలిన చోటు, ఒక కాలని చోటు. ఆ రెండు చోట్లకూ మంటతో సంబంధం లేని తేడాలు, అంటే వాలు, నేల, నీటి లోతు వంటివి, ఉండే ఉంటాయి. చెట్ల సంఖ్య ఎంత పెంచినా అవి పోవు. స్టువర్ట్ హర్ల్‌బర్ట్ 1984లో ఈ దోషాన్ని విడమరచి చెప్పి, ప్రచురితమైన వ్యాసాలలోనే ఇది ఎంతగా ఉందో చూపారు. నలభై ఏళ్లు దాటినా ఇంకా కనిపిస్తూనే ఉంది. ఏది నమూనా, ఏది దానిలోని భాగం అని మీరు మాటల్లో స్పష్టంగా చెప్పగలిగితే సూత్రాలు నేర్పేవారు దొరుకుతారు. అది చెప్పలేనివారిని ఏ సాఫ్ట్‌వేరూ కాపాడదు.

ఉపగ్రహాల ప్రశ్నకు వస్తే, వాటిని ప్రత్యర్థులుగా చూడడం మానండి. 1972లో మొదలైన ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం అయ్యాయి. ఆ చిత్రాలతోనే 2013లో మాథ్యూ హాన్సెన్ బృందం ప్రపంచమంతటా అడవి కోల్పోయిన, తిరిగి వచ్చిన చోట్లను 30 మీటర్ల స్పష్టతతో పటం గీసింది. నేల మీద తిరిగి ఆ పని ఎవరూ చేయలేరు. కాని ఆ పటానికి తెలిసింది చెట్ల నీడ, అంటే పైనుంచి కనిపించే ఆకుల కప్పు, మాత్రమే: తోటలుగా వేసిన పామాయిల్ చెట్లకూ సహజ అడవికీ మధ్య తేడా దానికి అంతగా పట్టలేదన్న విమర్శ వెంటనే వచ్చింది. 2018 డిసెంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి పంపిన జెడై అనే లేజర్ పరికరం అడవి ఎత్తును కొలుస్తుంది. 2025 ఏప్రిల్‌లో ఐరోపా అంతరిక్ష సంస్థ ప్రయోగించిన బయోమాస్ ఉపగ్రహం పొడవాటి రాడార్ తరంగాలతో ఆకుల కిందనున్న కొమ్మలనూ మానులనూ చూస్తుంది. ఇవేవీ కర్బనాన్ని నేరుగా తూచవు. ఎత్తును గాని, రాడార్ ప్రతిధ్వనిని గాని టన్నులలోకి మార్చే సమీకరణాలు నేల మీది ప్లాట్ల నుంచే రావాలి. అందుచేత ఉపగ్రహాలు పెరిగేకొద్దీ మంచి ప్లాట్ల అవసరం పెరుగుతోంది. మీ ప్లాటు మీదుగా జెడై వెళ్లిన చోట్లను ఏరి మీ కొలతలతో సరిపోల్చడం మీ వ్యాసంలో ఒక అధ్యాయం కావచ్చు. ఉపగ్రహ సమాచారాన్ని చదివే రిమోట్ సెన్సింగ్ విద్య నేర్చుకోండి. అడవిలో నడిచినవారికి ఆ విద్య వస్తే వారితో పోటీపడగలవారు తక్కువ.

ఇందులో ఒక చేదు విషయం దాచకూడదు. వానలో జలగల మధ్య కొలిచేవారు ఒకచోట, ఆ పట్టికలు దించుకుని పెద్ద పత్రికలలో ప్రచురించేవారు వేరొకచోట ఉండడం ఈ రంగంలో మామూలే. సమాచారం అందరికీ తెరిచి ఉండాలన్న వాదన సరైనదే, కాని సేకరణకు అయ్యే ఖర్చులో, వచ్చే గుర్తింపులో వాటా పంచుకోకుండా తెరవమనడం సబబు కాదని ఉష్ణమండల ప్లాట్లను నడిపేవారు గట్టిగా అంటున్నారు. వారి పక్షమే నాదీ. మీ పేరు ఏ వ్యాసాల మీద ఉంటుందో ముందే మాట్లాడుకోండి. అదే నియమం మీ కింద పనిచేసేవారికీ వర్తింపజేయండి: ఆకు నలిపి వాసన చూసి, బెరడు మీద కత్తి గాటు పెట్టి జాతి చెప్పగల స్థానిక సహాయకులు లేకపోతే మీ పట్టికలో సగం చెట్లకు పేరే ఉండదు.

ప్రయోగాలను నేను చిన్నచూపు చూస్తున్నానని అనుకోకండి. ఏం జరిగిందో ప్లాటు చెబుతుంది. ఎందుకు జరిగిందో చెప్పాలంటే చాలాసార్లు ప్రయోగమే దిక్కు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే చెట్లు మరింత పెరుగుతాయా అన్న ప్రశ్న చూడండి. ఆస్ట్రేలియాలో ఎదిగిన యూకలిప్టస్ అడవి చుట్టూ గొట్టాలు నిలబెట్టి అదనంగా ఆ వాయువును వదిలితే, ఆకులు ఎక్కువ కర్బనాన్ని తీసుకున్నా అది చెక్కగా నిలవలేదు. నేలలోని సూక్ష్మజీవుల ద్వారా, వేర్ల ద్వారా చాలావరకు తిరిగి గాలిలో కలిసిందని 2020లో తేల్చారు. అక్కడి నేలలో ఫాస్ఫరస్ చాలా తక్కువ. ఇంగ్లండులో ఎదిగిన ఓక్ అడవిలో అదే తరహా ప్రయోగం చేస్తే చెక్క ఉత్పత్తి పది శాతం వరకు పెరిగిందని 2024లో వచ్చింది. ఒకే వాయువు, ఒకే పద్ధతి, రెండు నేలలు, రెండు జవాబులు. ఇటువంటి తేడాలకు కారణం వెతకాలంటే మీరు మీ ప్లాటు బయట, సరిహద్దుకు తగినంత దూరంలో, చిన్న ప్రయోగం పెట్టుకోవచ్చు: నారు మొక్కలకు ఫాస్ఫరస్ వేసి చూడడం, వాన నీటిని కొంత మళ్లించి చూడడం వంటిది. ప్లాటు లోపల మాత్రం వద్దు. శాశ్వత ప్లాటులో నేల తవ్వినా, కొమ్మ కోసినా, చివరకు ఒకే బాటన పదేపదే నడిచి నారు తొక్కినా, మీ తరువాత వచ్చేవారి లెక్క చెడుతుంది.

ఇక మీ చివరి సందేహం, ఈ శ్రమ ఎందుకని. ఆఫ్రికాలో 244, అమెజాన్‌లో 321 చెదరని అడవి ప్లాట్ల కొలతలు కలిపి 2020లో నేచర్‌లో వచ్చిన వ్యాసం ఒకటుంది. 1990లలో మానవుల వల్ల వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 17 శాతాన్ని చెదరని ఉష్ణమండల అడవులు తీసుకున్నాయనీ, 2010లలో అది 6 శాతానికి పడిపోయిందనీ దాని సారాంశం. వాటా అంతగా తగ్గడానికి మన ఉద్గారాలు పెరగడం, అడవుల విస్తీర్ణం తగ్గడం కూడా కారణాలే. కాని నిలిచి ఉన్న అడవి హెక్టారుకు తీసుకునే మోతాదు కూడా అమెజాన్‌లో ముందుగానే తగ్గుముఖం పట్టింది, ఆఫ్రికాలో ఆలస్యంగా. అడవులు మన పొగను ఎల్లకాలం ఇలాగే మింగుతాయన్న లెక్క మీద దేశాలు తమ లక్ష్యాలు నిర్ణయించుకుంటుంటే, ఆ లెక్క సడలుతోందని చెప్పింది ఈ టేపుల సమూహమే. ఆ వార్త సంతోషకరమైనది కాదు. అయినా తెలియకపోవడం కంటే తెలియడం మేలని మీకు అనిపించకపోతే ఈ వృత్తిలో ఉండడం కష్టం. ఆ సంగతి ఇప్పుడే నిజాయితీగా మిమ్మల్ని మీరు అడిగి చూసుకోండి.

దీనికి తిరగబడిన ప్రమాదం కూడా ఉంది. ఆశ కోసం ఆకలిగా ఉన్న లోకం అడవుల గురించి మంచి కథ ఏది చెప్పినా పట్టుకుంటుంది. 2019లో ఒక బృందం, భూమి మీద మరో 90 కోట్ల హెక్టార్లలో చెట్ల నీడకు చోటుందనీ, అవి ఎదిగితే 205 గిగాటన్నుల కర్బనం నిల్వ అవుతుందనీ రాస్తే, చెట్లు నాటితే చాలన్నట్టుగా పత్రికలు మోగించాయి. గడ్డిభూములను ఖాళీ చోట్లుగా లెక్కించారనీ, నేలలో అప్పటికే ఉన్న కర్బనాన్ని సరిగా పట్టించుకోలేదనీ ఇతర శాస్త్రజ్ఞులు అభ్యంతరాలు రాశారు. ఆ తరువాత ఆ వ్యాసానికి సవరణ వెలువడింది. మంచు ప్రాంతాలలో ముదురు రంగు అడవి పెంచితే అది ఎండను ఎక్కువ పీల్చి, ఆ చోటును వేడెక్కించగలదన్నది కూడా ఇటువంటి కథల్లో వినిపించదు. వేర్లను కలిపే శిలీంధ్రాల ద్వారా చెట్లు ఒకదానికొకటి ఆహారం పంపుకుంటాయన్న కథ కూడా ఇలాగే పెరిగింది: 1997లో సుజాన్ సిమార్డ్ బృందం చూపింది ఒక జాగ్రత్తగా చేసిన ఫలితం, జనంలోకి వెళ్లింది దానికి పదింతలు, ఆ దూరం ఎంతో 2023లో అదే రంగంలోని ముగ్గురు పరిశోధకులు లెక్కగట్టి చూపారు. మీ ఫలితం ఎంత దూరం వెళుతుందో అంతే చెప్పి ఆగగలగడం ఈ రంగంలో అవసరమైన విద్య, గణితం కంటే కష్టమైనది.

ఉద్యోగాల గురించి మీరు అడగలేదు, అయినా రెండు మాటలు. పీహెచ్‌డీ చేసినవారందరికీ విశ్వవిద్యాలయాలలో చోటుండదు. రెండు మూడు చోట్ల పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తరువాతి తాత్కాలిక పరిశోధకులుగా, తిరగడం మామూలు. అటవీ శాఖలు, అడవుల పునరుద్ధరణ సంస్థలు, ఉపగ్రహ సమాచార సంస్థలు, కర్బన లెక్కలు సరిచూసే సంస్థలు ఈ నైపుణ్యం ఉన్నవారిని తీసుకుంటాయి. చివరి రకంలో చేరేవారు కొంచెం జాగ్రత్తగా ఉండాలి. అడవి నరకకుండా ఆపామని చెప్పి కర్బన క్రెడిట్లు (తమ ఉద్గారాలకు బదులుగా ఇతరులు కొనుక్కునే పత్రాలు) అమ్మిన ప్రాజెక్టులను పరిశీలించి, వాటిలో అధికభాగం చెప్పుకున్నంత నరుకుడు ఆపలేదని 2023లో సైన్స్‌లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ప్రాజెక్టు లేకపోతే ఎంత నరికేవారన్న ఊహను కాస్త పెంచితే చాలు, క్రెడిట్లు పుట్టుకొస్తాయి. అటువంటి చోట నికార్సైన మనిషి అవసరం ఉంది, ఒత్తిడీ ఉంది.

పాత ప్లాటు ఆచార్యులకు ఒప్పుకునే ముందు ఆయనను కొన్ని విషయాలు అడగండి. పాత కొలతల పుస్తకాలు, కొలిచిన ఎత్తుల వివరాలు ఉన్నాయా, వాటిని మొదటి నెలలోనే చూడనిస్తారా? కొలత పని మీ కాలంలో ఎంత భాగం తింటుంది? అది ఏడాదిన్నర దాటేటట్టుంటే, మీకు తోడు ఎందరినిస్తారు? అడవిలోకి ఒంటరిగా వెళ్లకూడదన్న నియమం, దెబ్బ తగిలినా, ఎవరైనా ఇబ్బంది పెట్టినా ఎవరికి చెప్పాలన్న ఏర్పాటు రాతపూర్వకంగా ఉన్నాయా? మరణాల మీద గాని, మీకు నచ్చిన ఇంకో విషయం మీద గాని మీ సొంత ప్రశ్నకు ఆ సమాచారం వాడుకునే హక్కు, మొదటి రచయితగా ప్రచురించే హక్కు మీకుంటాయా? ఆయన దగ్గర ఇంతకుముందు చేసిన ఇద్దరు ముగ్గురు విద్యార్థులతో, ముఖ్యంగా మధ్యలో మానేసినవారెవరైనా ఉంటే వారితో, ఆయన లేనప్పుడు మాట్లాడండి. ఈ సమాధానాలు సంతృప్తిగా ఉంటే చేరిపోండి. సొంత ప్రశ్నకు ఆయన ఒప్పుకోకపోయినా, పుస్తకాలు చూపడానికి వెనుకాడినా, అప్పుడు రెండో ఆచార్యుల దగ్గరకే వెళ్లి, తీగలు పాతి విద్యుత్తు పంపని ప్లాట్లు ఎన్ని పెడుతున్నారని అడగండి.